ఏడుపు పింకీ అప్పగింతలు

మా సంతోషి పెళ్లికి జనం ఎందుకు విరగబడి వచ్చారో నాకు తెలుసు. భోజనాల కోసమైతే కాదు. మే నెలలో, రామగుండం ఎండలో, షామియానా కింద చెమటలు కక్కుతూ బగారా అన్నం తినాలని ఎవరికుంటుంది? వాళ్లంతా వచ్చింది అప్పగింతలప్పుడు సంతోషి ఏడిస్తే చూద్దామని.

గోదావరిఖని వాళ్లు మరీ ఇంత కఠినులా అనుకోకండి. తప్పు వాళ్లది కాదు, టీవీది. ఇప్పటికి పది పన్నెండేళ్ల కింద ‘పాలపిట్ట ఇల్లు’ అని మధ్యాహ్నం పూట ఒక సీరియల్ వచ్చేది. అందులో తల్లిలేని పిల్ల పింకీ ఉండేది చూడండి, అది మా సంతోషే. సదయ్య కాక కూతురు. కాక అంటే మా నాన్న తమ్ముడు.

అదేమీ వెతుక్కుంటూ పోయిన అవకాశం కాదు. సంతోషి తల్లి సారవ్వ చిన్నమ్మ తమ్ముడు హైదరాబాదులో షూటింగులకు లైట్లు పెట్టేవాడు. తల్లీ కూతురూ సెలవులకని వాళ్లింటికి పోయినప్పుడే, పింకీ వేషం వేయాల్సిన పిల్లకు అమ్మవారు పోసింది. వీళ్ల పిల్ల కళ్లు పెద్దగా ఉన్నాయని తెచ్చి నిలబెట్టారు. సవతి తల్లి కొడితే పింకీ ఏడ్చేది, నాయనమ్మ పోతే ఏడ్చేది, కుక్కపిల్ల తప్పిపోతే ఏడ్చేది. ఎండాకాలం గోదావరి ఎండేది గాని పింకీ కళ్లు ఎండేవి కావు. మొదటి షిఫ్టు దిగి వచ్చిన మగవాళ్లు బొగ్గు మసితోనే టీవీ ముందు కూలబడి ముక్కులు చీదేవాళ్లు. మా క్వార్టర్ల లైనులో ఒకాయన ఆ సవతి తల్లిని తిట్టీ తిట్టీ గొంతు పోగొట్టుకుని దవాఖానకు పోయాడు.

ఆ తరువాత ఒకనాడు కథలో పింకీని ఊటీ హాస్టల్లో వేశారు. మళ్లీ తీసుకురావడం మరిచిపోయారు. సీరియల్ అయిపోయి ఏళ్లు గడిచినా పాపం ఆ పిల్ల ఇంకా ఊటీలోనే ఉంది.

మా సంతోషి మాత్రం గోదావరిఖనికి వచ్చేసింది. పది తప్పింది, మళ్లీ రాసి పాసయింది, బ్యూటీషియన్ కోర్సు చేసింది. ఇప్పుడు లక్ష్మీనగర్‌లో ‘పింకీ బ్యూటీ పార్లర్’ ఎవరినడిగినా చూపిస్తారు. అందులో సగం వాటా నాది, నోరు మొత్తం నాది. బోర్డు మీద పేరు కింద ‘ఏడ్చినా చెదరదు’ అని రాయించాను. పెళ్లికూతుళ్లు ఎక్కడెక్కడి నుంచో, మంచిర్యాల అవతలి నస్పూర్ నుంచి కూడా, అది చూసే వస్తారు. వాళ్లకు మేకప్ వేస్తూ మా పిల్ల పాఠం చెబుతుంది.

“అక్కా, మంచిగ ఏడ్వు. కని కండ్లు నలుపకు. తల వంచి ఏడిస్తే నీళ్లు సీదా కింద వడ్తయి, చెంపల మీదికి రావు.”

ఊరందరికీ ఏడవడం నేర్పే ఆ పిల్ల తాను మాత్రం ఏడవదు. పది తప్పినప్పుడు ఏడవలేదు. ఆటో చక్రం కాలి మీది నుంచి పోయినప్పుడు డ్రైవరు ఏడ్చాడు గాని ఇది ఏడవలేదు. మా అవ్వ పోయినప్పుడు శవం పక్కన కూర్చుని వచ్చిన వాళ్లకు మంచినీళ్లు అందించింది. “టీవీల ఏడ్చి ఏడ్చి టాంకీ ఖాళీ అయింది” అని జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

నవ్వనిది ఒక్క సదయ్య కాకే.

కాక గనిలో బొగ్గు నింపే పని చేసేవాడు. మా దగ్గర గని అనరు, బాయి అంటారు. సంతోషి హైదరాబాదులో పింకీ వేషం వేస్తున్న రోజుల్లోనే బాయిలో పైకప్పు కూలి కాక కాలు నుజ్జయింది. దవాఖానలో కట్టు కట్టి పడుకోబెట్టారు. తల్లీ కూతురూ బస్సు దిగి పరుగున వచ్చారు. కాక కళ్లు తెరిచి చూసేసరికి మంచం పక్కన కూతురు నిలబడి ఉంది. కంట్లో చుక్క నీరు లేదు. తల్లి కొంగు లాగి, “అమ్మా, ఇప్పుడు ఏడ్వాల్నా?” అని అడిగింది.

ఆ మాట కాక చెవిలో పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

కాలు కుంటిదయ్యాక కాకకు ల్యాంపు రూములో పని ఇచ్చారు. బాయిలోకి దిగేవాళ్లంతా అక్కడ టోపీ దీపం తీసుకుని దిగాలి, పైకి వచ్చాక తిరిగి అక్కడే పెట్టాలి. దీపం పెట్టే అర ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్న మాట. తన షిఫ్టు అయిపోయినా సరే, చివరి దీపం వచ్చేదాకా కాక కదలడు. అది వచ్చాక, “అందరు పైకచ్చిండ్రు, ఇగ ఇంటికి పోదాం” అని కండువా దులుపుకుని లేస్తాడు. వినేవాళ్లు లేకపోయినా అంటాడు.

పెళ్లి పత్రిక మొదటిది కాకకే చూపిద్దామని ల్యాంపు రూముకు తీసుకుపోయాను. అటూ ఇటూ తిప్పి చూసి, “అనసూర్యా, ఒకటి చెప్త, నవ్వద్దు” అన్నాడు.

“చెప్పు కాకా.”

“గా పింకీ లోకమందరి కోసం ఏడ్చింది. కుక్కపిల్ల కోసం గూడ ఏడ్చింది. నా కోసమైతే ఏడ్వాల్నా అని అడిగింది. అప్పగింతలప్పుడన్న ఒక్క చుక్క నా బిడ్డ కంట్ల చూడాలె. గంతే.”

నాకు నవ్వు రాలేదు. పాతికేళ్లు బాయి పని చేసిన మనిషి, ఎన్నడూ ఎవరినీ ఏమీ అడగని మనిషి, అడిగింది ఇదీ! ఎట్లాగైనా తీర్చాలనుకున్నాను. నా బుర్రకు తోచిన ఉపాయం గ్లిజరిన్. మందుల దుకాణంలో సీసా కొని పార్లర్లో మా పిల్ల ముందు పెట్టాను.

సంతోషి దాన్ని చూసి పాత శత్రువును చూసినట్టు నవ్వింది.

“నాకిది పడదక్కా. షూటింగుల మొదటి దినమే వేసిండ్రు. కండ్లు వడల లెక్క ఉబ్బినయి. అందుకే గదా అమ్మ చెవుల చెప్పుడు వెట్టింది.”

“ఏం చెప్పుడే?”

“లైట్లు వెట్టినంక అమ్మ నా చెవుల, ‘మీ బాపు బాయిలకెల్లి ఇంక పైకి రాలేదట’ అనేది. గంతే, బొటబొట ఏడ్సేదాన్ని. షాటు కాంగనే పీసీఓకు తీస్కపొయ్యి బాపుతోని ఫోన్ల మాట్లాడిపిచ్చేది. కొన్ని దినాలకు నాకు సమజయింది, గది ఏడ్సెతందుకే చెప్తదని. అయినా మాట ఇనంగనే కండ్లల్ల నీళ్లు తిరుగుతుండె.”

నా చేతిలోని దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. సంతోషి మాత్రం ఫేస్‌ప్యాక్ కలుపుతూనే మాట్లాడుతోంది.

“ఒక దినం అమ్మ ఉర్కుకుంట వచ్చి గదే మాట చెప్పింది. నేను, ‘ఇంక లైట్లు వెట్టలే గదనే, ఇప్పుడే ఏడ్వాల్నా?’ అన్న. దవాఖానల బాపుకు కట్లు చూస్తే, గది మేకప్పే అనుకున్న. కెమెరా ఎక్కడున్నదా అని దేవులాడిన. అంతా నిజమని ఎరుకయ్యేటాల్లకు దినాలు వట్టింది. గప్పటిసంది ఏడుపు రాలే. నాకు తెల్వదక్కా, ఎట్ల వస్తదో.”

చెప్పొద్దూ, నాకు చిన్నమ్మ మీద ఒళ్లు మండిపోయింది. చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని నేరుగా క్వార్టర్‌కు పోయాను. సారవ్వ చిన్నమ్మ పెళ్లి పసుపు దంచుతోంది. వాకిట్లోనే అడిగేశాను.

“పసిపిల్ల చెవుల గసొంటి మాట వోస్తరా చిన్నమ్మా? నీకు నోరెట్ల వచ్చింది?”

ఆమె రోకలి ఆపలేదు. దంచుతూనే చెప్పింది. “ఏం చెయ్యాలె బిడ్డా? ఆయన డ్యూటీకి పోయినప్పటిసంది వచ్చేదాక నా కడుపుల ఉండే మాట గదే. ఏడుపు తెప్పిచ్చే మాట ఇంకోటి నాకెరుకలేదు.”

కోపంతో పోయినదాన్ని గడప మీద కూర్చుండిపోయాను. బాయి పనివాళ్ల ఇంట్లో పుట్టిన నాకు ఆ మాట అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది? అయినా ఊరుకోలేదు. “కాకకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?” అన్నాను.

“పెండ్లి కానియ్యి. ఇప్పుడు చెప్తే పెండ్లిల మొగడు పెండ్లాలం మాట్లాడుకోకుంట అయితది. తర్వాత నేనే చెప్త, ఒట్టు.”

పెళ్లిరోజు వచ్చింది. కమ్యూనిటీ హాలులో కూలర్లు వేడిగాలినే చల్లుతున్నాయి. తలంబ్రాలు, భోజనాలు అయ్యాయి. అప్పగింతలనగానే మూతి కడుక్కుంటున్న వాళ్లు కూడా కుర్చీలు లాక్కుని ముందుకు వచ్చారు. మా లోకల్ కేబుల్ చానల్ ఎడ్వర్డ్ కెమెరా భుజానికెత్తుకుని తయారు. ‘పింకీ మళ్లీ ఏడ్చింది’ అని రాత్రి వార్తల్లో వేస్తానని మూడు కాలనీలకు ముందే చాటింపు వేశాడు.

నిజానికి ఏడవడానికి ఏముంది? పెళ్లికొడుకు పేరు తిరుపతి, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపరు నడుపుతాడు. మా వెనక లైనులోనే క్వార్టరు. పుట్టింట్లో కుక్కర్ కూస్తే అత్తింట్లో వినిపిస్తుంది. కానీ ఆచారం ఆచారమే. పళ్లెంలో పాలు పోసి, అందులో కూతురి చేతులు ముంచి, అత్తింటివాళ్ల చేతుల్లో ఒక్కొక్కరికీ పెట్టాలి. ‘మా బిడ్డను మీ చేతుల పెడుతున్నాం, తప్పులుంటే కడుపుల పెట్టుకోండి’ అని చెప్పాలి. అక్కడే రాతివిగ్రహాలు కూడా ఏడుస్తాయి.

ఏడ్చారు కూడా. చిన్నమ్మ ఏడ్చింది, నేను ఏడ్చాను, పక్క లైను ఆడవాళ్లు ఏడ్చారు. తిరుపతి కూడా కళ్లు తుడుచుకున్నాడు. సంతోషి ఒక్కతే పాలచేతులతో, నేను దిద్దిన కాటుక దిద్దినట్టే ఉండగా, అందరినీ చూస్తూ నిలబడింది. దాని ముఖంలో గర్వం లేదు. పరీక్షలో జవాబు తెలియని పిల్ల ముఖంలా ఉంది. పక్కనే స్పాంజి పట్టుకుని నిలబడి, ఒక్క చుక్క రాలితే బాగుండునని మొక్కుకున్నాను.

ఎడ్వర్డ్ కాసేపు చూసి కెమెరా దించాడు. పెరుగన్నం వైపు నడిచాడు.

అప్పుడే పెళ్లికొడుకు మేనత్త మల్లక్క పక్కావిడతో అన్నది, అందరికీ వినిపించేట్టే. “ఏం పిల్లనో! పైసలిస్తేనే ఏడుస్తదేమో.”

కాక చెయ్యి పాలపళ్లెంలో ఆగిపోయింది. తల వంచుకున్నాడు. చిన్నమ్మ ఆ వంచిన తలను చూసింది. ఒట్టూ గిట్టూ అన్నీ మరిచి, భర్త మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. నేను అంత దగ్గరగా ఉన్నాను కాబట్టి విన్నాను. షూటింగు సంగతి, చెవిలో మాట సంగతి, గడగడా మొత్తం చెప్పేసింది.

కాక అరుస్తాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు. “నాకు దెబ్బ తాకిన నాడు?”

“గా నాడు నిజమే చెప్పిన. అది నమ్మలే. దవాఖాన గూడ షూటింగే అనుకున్నది.”

కాక పాల చేతులు కొత్త అంగీకి తుడుచుకున్నాడు. కుంటుకుంటూ కూతురి దగ్గరికి వచ్చి, వాళ్లమ్మ ఎన్నోసార్లు వంగిన చోటే, దాని చెవి దగ్గర వంగాడు.

“బిడ్డా, బాపు బాయిలకెల్లి పైకచ్చిండు.”

సంతోషి తల తిప్పి చూసింది.

“పైకచ్చి దీపం గూడ పెట్టిండు బిడ్డా. ఏం ఫికర్ లేదు.”

ఎనిమిదేళ్ల పిల్ల గొంతుతో అడిగింది. “ఎప్పుడచ్చినవ్ బాపూ?”

“ఎప్పుడో అచ్చిన. నీకు చెప్పుడే మరిచిన.”

అంతే. ఇక ఆ ఏడుపు ఏమని చెప్పను! అది పింకీ ఏడుపు కాదు. తల వంచలేదు, కళ్లు నలపకుండా ఆగలేదు. నోరు తెరిచి, ముక్కు కారుస్తూ, కాక మెడ పట్టుకుని, హాలు రేకులు అదిరేట్టు ఏడ్చింది. కాటుక గడ్డం దాకా పారింది. ‘ఏడ్చినా చెదరదు’ అన్న మా బోర్డు పరువు గంగలో కలిసింది. కలిస్తే కలిసింది. నేనూ స్పాంజి పారేసి ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

ఎడ్వర్డ్ ఎంగిలి చేత్తోనే కెమెరా ఎత్తుకుని వచ్చాడు గాని, అప్పటికి ఎక్కిళ్లే మిగిలాయి. “సదయ్య కాకా, గా చెవుల మాట ఇంకొక్కసారి చెప్తవా? జల్ది తీసుకుంట” అని బతిమాలాడు.

కాక వాడి వైపు చూడనే లేదు. కండువా తీసి ముక్కు తుడుచుకోమని కూతురి చేతికి ఇచ్చాడు. అలవాటుగా గాలిలోకి చూసి, “అందరు పైకచ్చిండ్రు, ఇగ ఇంటికి పోదాం” అన్నాడు.

“ఎవలింటికే అన్నా?” మల్లక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ అడిగింది. “ఇగ మా ఇంటికి గదా!”

హాలంతా నవ్వింది. సంతోషి ఏడుస్తూనే నవ్వి, కాక చెయ్యి మాత్రం వదలలేదు. ఆ చెయ్యి పట్టుకునే వెనక లైను దాకా నడిచింది.