పన్నెండు ఎర్ర చుక్కలు

ఆదివారం పొద్దున్న పాత కీబోర్డు మూత ఎత్తేసరికి లోపలి పన్నెండు ఎర్ర చుక్కలూ మాయమై ఉన్నాయి.

దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాను. బుధవారం నేనే లెక్కపెట్టాను. వరసగా పన్నెండు బుల్లి స్క్రూలు, ఒక్కోదాని నెత్తిన ఎండిపోయిన గోళ్ళరంగు చుక్క. ఇప్పుడు ఇత్తడి తలలు కడిగినట్టు తళతళలాడుతున్నాయి. ఎవరో రంగు తుడిచారు. తుడిచినవాడు ఊరికే తుడవడు. స్క్రూలు తిప్పాడు.

సాయంత్రం అస్ర్ నమాజు తర్వాత ఆవిడ వస్తుంది. ఆవిడకు నేనేం చెప్పాలి?

నా పేరు బహ్గత్. అలెగ్జాండ్రియాలో అత్తారీన్ సందులో పాత సింథసైజర్లు, అంటే కరెంటుతో పలికే కీబోర్డులు, బాగుచేస్తాను. శుక్రవారం సంతలో దొరుకుతాయి, తుప్పు గీజర్ల కింద, చక్రాల్లేని సైకిళ్ళ కింద నలిగి. అమ్మేవాడికి అదేమిటో తెలియదు. నాకు తెలుసన్న సంగతి నేను మొహంలో కనబడనివ్వను. నా వ్యాపారమంతా ఆ మొహంలోనే ఉంది.

ఇది దొరికి మూడు వారాలైంది.

"పలుకుతుందా?" అన్నాను కాలితో తడుతూ.

"పలికేదైతే నేనెందుకమ్ముతాను? పెళ్ళిళ్ళలో వాయించుకుంటూ రోజూ మాంసం తినేవాణ్ణిగా!" అన్నాడు పాతసామాన్లవాడు. "తొమ్మిది వందలు."

"బల్లగా వాడుకుందామని అడిగాను. ఏడు వందలు."

"బల్లకి కాళ్ళుంటాయి గురువుగారూ. కాళ్ళు లేనిది ఎనిమిది వందలు."

ఎనిమిది వందల పౌండ్లకు తెచ్చాను. ఇంటికొచ్చి మూత తీసి చూశాను. లోపల ఎవరో అరబ్బు శ్రుతి కట్టారు.

జపాన్‌లో చేసిన వాయిద్యానికి మా పాట రాదు. మాకు కావలసిన స్వరాలు వేలితో నొక్కే రెండు మెట్ల మధ్య ఉంటాయి. అందుకని అప్పట్లో మా ఊరి పనివాళ్ళు ఒక్కో స్వరానికి ఒక మీట, ఒక స్క్రూ అదనంగా పెట్టేవాళ్ళు. మీట నొక్కితే స్వరం కిందికి దిగుతుంది. ఎంత దిగాలో స్క్రూ చెబుతుంది. స్క్రూ కదలకుండా నెత్తిన ఒక చుక్క రంగు వేస్తారు. పుస్తకాల ప్రకారం ఒక మెట్టులో సరిగ్గా సగం దిగాలి. కానీ పుస్తకం ప్రకారం పాడేవాడు మా ఊళ్ళో ఎవడున్నాడు? ఒక్కో వాద్యగాడిది ఒక్కో చెవి.

మా గురువు ఉస్తా లబీబ్‌ని పిలిచి చూపించాను. సంగీత వాయిద్యాల మరమ్మతులో ఊరందరికీ పెద్ద. డెబ్బై ఆరేళ్ళు. ఇప్పుడు పని చెయ్యరు. రోజూ మధ్యాహ్నం వచ్చి మూల కుర్చీలో కూర్చుంటారు. దుకాణం రెండో తాళంచెవి ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది.

"ఇది మీ చేతి పనేనా ఉస్తా?"

రెండోసారి అడిగితే గాని పలకలేదు. వయసు కదా అనుకున్నాను.

"అలాంటివి వంద చేశాను. ఏదని గుర్తుంటుందిరా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

దాని ఫోటోలు ఫేస్‌బుక్‌లో పెట్టాను. బుధవారం ఒకావిడ వచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి, మందుల షాపు తెల్లకోటుతోనే వచ్చేసింది. పేరు దుర్రియా. వస్తూనే ఎడమ చివర సిగరెట్ కాలిన మచ్చ మీద వేలు పెట్టింది.

"ఇది మా నాన్నది. ఫిక్రీ జహ్రాన్. సముద్రపొడ్డు కాసినోల్లో, ఆ పాటల హోటళ్ళలో, వాయించేవాడు. లోపల ఎర్ర రంగు ఉందా?"

మూత తీసి చూపించాను. ఆవిడ ఒంగి ఒక్కో చుక్కా వేలితో తడిమింది.

"ఆ గోళ్ళరంగు మా అమ్మది. నాన్న స్క్రూ తిప్పి విని, మళ్ళీ తిప్పి విని, 'ఆ, ఇది చాలు' అంటే అమ్మ చుక్క వేసేది. నేను దీపం పట్టుకునేదాన్ని." ముక్కు తుడుచుకుని నవ్వింది. "అందరి కంటే నాన్నది కాస్త కిందికి దిగేది. బ్యాండ్‌వాళ్ళు ఏడిపించేవాళ్ళు. 'ఫిక్రీ స్వరం మెట్లు దిగీ దిగీ సముద్రంలో పడిందర్రా, వల తెండి' అనేవాళ్ళు."

"కేసెట్లు లేవా?"

"ఉండేవి. ఒక ఏడు వానలకి నేల అంతస్తు మునిగింది, అన్నీ పోయాయి. ఇదొక్కటి మిగిలింది. నాన్న పోయిన నలభయ్యోరోజు గడవగానే మా తమ్ముడు ఇల్లు ఖాళీ చేయిస్తూ పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. నాకు తెలిసేసరికి బండి వెళ్ళిపోయింది." నా వైపు చూసింది. "నాకు మిషన్ వద్దు అన్నా. పెట్టుకోడానికి చోటు లేదు. ఎవరికైనా అమ్ముకో. కానీ ఒక్కసారి వినిపించు. ఫోన్లో పట్టుకుంటాను. నాన్న గొంతు కూడా నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఈ స్వరం మాత్రం గుర్తుంది."

"ఆదివారం రండి" అన్నాను. మూల కుర్చీలోంచి ఆవిడనే చూస్తున్న ఉస్తా తల దించుకున్నారు.

గురువారం సాయంత్రానికి కరెంటు బోర్డు బాగైంది. మెట్ల కింద మురికి తీశాను. ఆ రోజే వాయించవచ్చు. వాయించలేదు. మొదట ఆవిడే వినాలనుకున్నాను. ఆ మర్యాదే నా కొంప ముంచింది. ఆ సాయంత్రం పది నిమిషాలు వాయించి ఫోన్లో పట్టుకుని ఉంటే ఈ కథే లేదు.

శుక్రవారం నేను సంతలో ఉన్నాను. శనివారం తుఫాను, దుకాణం తెరవలేదు. గురువారం నుంచి శనివారం లోపే ఎవరో చెయ్యి పెట్టారు.

మొదటి అనుమానం సామిహ్ మీద. విదేశాల్లో పాతవి సేకరించేవాళ్ళకు మా సరుకు చేర్చే దళారీ వాడు. గురువారం వచ్చాడు, నేను టీకి వెళ్తే పావుగంట ఒంటరిగా ఉన్నాడు. కొత్తలో ఎలా ఉందో అలా ఉంటేనే వాళ్ళు ఎక్కువిస్తారని వాడే అంటుంటాడు. ఫోన్ చేశాను.

"రంగు నువ్వే గీకావా?"

"ఏ రంగు? ఎర్ర చుక్కలా? అయ్యో అయ్యో, పోయాయా?" నిజంగానే ఏడ్చినంత పని చేశాడు. "ఒరేయ్ గాడిదా, వాళ్ళు కొంటున్నదే ఆ చుక్కల కోసం! ఫోటోలు అన్ని కోణాల్లో ఎందుకు తీశాననుకున్నావు, నా పెళ్ళిచూపులకా?"

వాడు కాదు.

శ్రుతి కొలిచే మీటర్ తగిలించాను. ఒక్కో మీటా వేసి ఒక్కో స్వరం కొలిచాను. మొదటిది సరిగ్గా సగం దిగింది. రెండోదీ సగం. పన్నెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సగం. దొంగలు ఇంత శుభ్రంగా పని చెయ్యరు. ఇది పని తెలిసినవాడి చెయ్యి.

చెత్తబుట్ట తిరగేశాను. అడుగున నాలుగు అగ్గిపుల్లలు. ఒక్కోదాని కొసకు దూది చుట్టి ఉంది. దూది ఎర్రగా ఉంది.

అందరం చెవిపుల్లలు వాడతాం. అగ్గిపుల్లకు దూది చుట్టేది ఈ ఊళ్ళో ఒక్కరే. నాకు చుట్టడం నేర్పిందీ ఆయనే.

మధ్యాహ్నం ఉస్తా లబీబ్ ఎప్పటిలాగే వచ్చారు, బీన్స్ ముద్ద పెట్టి కాగితంలో చుట్టిన ఫూల్ రొట్టెతో. తుఫాను చివరి జల్లుకి తలపాగా తడిసి ఉంది. నేను నాలుగు అగ్గిపుల్లలూ ఆయన ముందు బల్ల మీద పెట్టాను.

చూశారు. రొట్టె విప్పలేదు.

"టీ పెట్టరా" అన్నారు.

"ఎందుకు చేశారు ఉస్తా?"

"టీ పెట్టరా ముందు."

టీ మరుగుతుండగానే తలుపు తెరుచుకుంది. దుర్రియా. రెండు గంటలు ముందే వచ్చేసింది. పండక్కి వచ్చినట్టు మంచి కోటు వేసుకుంది, చేతిలో బస్బూసా మిఠాయి డబ్బా ఉంది.

"షాపులో ఉండలేకపోయానన్నా. మందుల చీటీలన్నీ తప్పు చదువుతున్నాను. ఒకాయనకి దగ్గు మందు బదులు విరేచనాల మందు ఇవ్వబోయాను." నవ్వుతూ ఉస్తా వైపు తిరిగింది. "సలాం బాబాయ్, మీరూ వినండి. మీ కాలం సంగీతమే."

చెప్పేయాలి. నోరు తెరిచాను. ఆవిడ అప్పటికే ఫోన్ తీసి బల్ల మీద నిలబెట్టి, రికార్డు చేసే ఎర్ర గుండ్రం నొక్కేసింది. పిరికివాణ్ణి. మెట్ల ముందు కూర్చుని మీటలు వేశాను. వాళ్ళ నాన్న కాసినోలో ఏ రాగంతో మొదలుపెట్టేవాడో బుధవారం ఆవిడ చెప్పింది, అదే ఎత్తుకున్నాను.

వాయిద్యం నిజంగా బాగా పలికింది. ఒక్క గరగర లేదు. నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఆవిడ కళ్ళు మూసుకుని వింది. కాసేపటికి తెరిచింది. మళ్ళీ మూసుకుంది. స్వరం దిగాల్సిన చోట ఆవిడ గడ్డం కొద్దిగా కిందికి దిగడం చూశాను, దానితో పాటు ఇంకా కిందికి వెళ్దామని. స్వరం అంత దూరం వెళ్ళలేదు. గడ్డం అక్కడే ఆగిపోయింది.

ఫోన్ ఆపేసింది.

"బాగుంది. రేడియోలో వాళ్ళలాగే ఉంది" అంది. తర్వాత, మెల్లగా, "ఇది మా నాన్న కాదు. మిషన్ మార్చావా అన్నా?"

"లేదు."

"మరి ఏం చేశారు దీన్ని?"

మూల నుంచి కుర్చీ కిర్రుమంది. ఉస్తా లేచి వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డారు. ఆవిడ పెదాల వైపే చూస్తున్నారు. ఈమధ్య అందరి పెదాల వైపూ అలాగే చూస్తున్నారని నాకప్పుడే తట్టింది.

"వాణ్ణేమీ అనకు తల్లీ. నేను చేశాను. శుక్రవారం, అందరూ జుమా నమాజులో ఉన్నప్పుడు వచ్చాను. ఈ కుర్రాడు అడిగితే గుర్తులేదని అబద్ధం చెప్పాను. మూత తియ్యగానే పోల్చుకున్నాను. ఇది డెబ్బై తొమ్మిదిలో మీ నాన్నకి నేనే కట్టిచ్చాను. నెల రోజులు పట్టింది. పన్నెండూ సరిగ్గా సగానికి పెట్టి, ఆకుపచ్చ రంగు వేసి ఇచ్చాను. మర్నాడు కాసినోలో బ్యాండ్ అందరి ముందూ మీ నాన్న అన్నాడూ, 'ఉస్తా, నేను పాట అడిగితే నువ్వు స్కేలు బద్ద ఇచ్చావేమయ్యా' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళి నా రంగు పీకేసి, తన చెవికి తిప్పుకున్నాడు. ఊరంతా ఆ స్వరాన్నే మెచ్చుకుంది. కట్టింది నేనని ఎవరూ అనలేదు. అప్పుడు నాకు ముప్ఫై ఏళ్ళు. మర్చిపోయాననే అనుకున్నాను. నీకింకో సంగతి చెప్పాలి. రెండేళ్ళయింది, నాకు చెవులు వినపడవు. వీడికి కూడా చెప్పలేదు. చెబితే ఆ కుర్చీ కూడా ఉండదు నాకు. శుక్రవారం మీటర్ చూసుకుంటూ తిప్పాను. పాతబడి శ్రుతి జారింది, సరిచేసి ఆ పిల్లకి బహుమానంగా ఇస్తున్నాను అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఎర్ర రంగు ఎవరిదో నాకు తెలుసు. స్పిరిట్ పెట్టి తుడిచాను. ఒక్కోటీ సగానికి వచ్చి ముల్లు మధ్యలో నిలబడుతుంటే నాకు సంతోషమేసింది తల్లీ, దాచను. పదకొండు అయ్యాయి. పన్నెండోదాని దగ్గర చెయ్యి ఆగింది. నువ్వు దీపం పట్టుకునేదాన్నన్నావు కదా, ఆ మాట నీ పెదాల మీద చదివాను బుధవారం. అది గుర్తొచ్చింది. ఒక్కటైనా మీ నాన్నది ఉంచుదామనుకున్నాను. చాలాసేపు కూర్చున్నాను. తర్వాత అదీ తిప్పేశాను."