దలా గోదాము కలిసిన రోజు

ఈ కలిపే పని మొదలుపెట్టేనాటికి నా చేతిలో ఉన్నవి లినక్స్ వేసిన రెండు పాత కంప్యూటర్లు, రోజుకో పడవ ప్రయాణం. చిమిండైంగ్ బజారులో మా పప్పుల దుకాణం, నది అవతల దలాలో గోదాము. మా బిల్లుల ప్రోగ్రాము ఒకే నెట్‌వర్కులో ఉన్న యంత్రాలనే గుర్తిస్తుంది. అందుకని గోదాములో బస్తాల లెక్క రాసుకురావడానికి, వంట ముగించి, రోజూ నేనే నది దాటేదాన్ని. రానూపోనూ రెండు గంటలు. "పడవలో కూకోడమే కదేటే" అనేవారు మా ఆయన జగన్మోహన్.

రెండు చోట్లనూ ఒకే నెట్‌వర్కుగా కలపాలనుకున్నాను. ఇటొక కంప్యూటరు, అటొకటి, మధ్యలో ఇంటర్నెట్ మీదుగా ఆ రెండింటికే చెందిన లింకు. మొదట వేసిన లింకు ఐపీ ప్యాకెట్లనే మోసేది. రెండు నెట్‌వర్కులను ఒకటిగా అతికే బ్రిడ్జిలో లినక్స్ దాన్ని చేర్చుకోలేదు. ఈథర్‌నెట్ ఫ్రేములను, అంటే తీగలో నడిచే సమాచారపు మూటలను, ఉన్నవున్నట్టు మోసే లింకు వేశాక చేరింది. అరగంటకే దుకాణంలో బిల్లులు ఆగాయి.

"సూసేవా? బేరాలొచ్చే యేళకి పాడుసేసినావు!" అన్నారు ఆయన, కొనేవాళ్ళ ముందే.

"మీరు జతగా కొన్న రౌటర్లేనండి. రెండూ ఒకే అడ్రసులు పంచుతున్నాయి."

దలా రౌటరుకు వేరే అడ్రసిచ్చి, దాని పంపకం ఆపేశాను. బిల్లులు మళ్ళీ నడిచాయి. గోదాము చూస్తూ, నన్ను అక్క వరసతో పిలిచే గోపాలం ఫోను చేశాడు: "అప్పా, మినుములు నలబై బస్తాలు కంప్యూటర్లో కొట్టీసినాను, కనబడతన్నాయా?" కనబడ్డాయి. పక్క దుకాణానికి వినబడేలా ఆయన "మేవే కలిపీసినాం" అంటే నాకు నవ్వొచ్చింది.

మేమిద్దరం ఇంటికొచ్చేసరికి మా అత్త పైడితల్లి అప్పడాల పీట ముందు పెట్టుకుని కూర్చుంది. "ఇంక పడవెక్కక్కర్నేదంట కదా, మజ్జానాలు అప్పడాలొత్తీ." ఆయనేమో, "పాత బిల్లులు కూడా సూసీ." మిక్సీ వచ్చినప్పుడు నాకు మిగిలిన గంట రెండో రకం టిఫినుకు పోయింది. బట్టల మిషను వచ్చాక వారం వారం కర్టెన్లు ఉతికాను. ఈ ఇంట్లో యంత్రం ఏది మిగిల్చినా నా చేతికి రాకముందే ఖర్చయిపోతుంది. ఈసారి ముందే జాగ్రత్తపడ్డాను.

"ఆ రెండు గంటలూ మన బజార్లో మందుల షాపు ఎమిలీకి ఇచ్చీసినానత్తా. తన షాపునీ తన్లిన్ ఊర్లో బ్రాంచినీ ఇలాగే కలపమంది. జీతం ఇస్తాది."

"మరి అప్పడాలో?" అన్నారు ఆయన.

అత్త పీట కొడుకు ముందుకు తోసింది. "నలబై యేళ్ళలో నాకెవులూ ఒక గంట మిగల్నివ్వనేదు. నువ్వొత్తరా."

ఆ రోజు రాబడి: తన్లిన్‌లో నా పేరు మీద ఒక పని, ఆయన ఒత్తిన అప్పడాలు పదకొండు, గుండ్రంగా ఒక్కటీ లేదు.