తెల్ల గడి

ఊపిరి తీస్తే కాలిన చెట్టువేర్ల వాసన. ఉమ్మితే నలుపు.

మీ పనే ఇది.

ఆయిల్‌పామ్ తోటల దొరలూ — కాలువలు తవ్వి చిత్తడినేలను ఎండగట్టింది మీరు. నిప్పంటించింది మీరు. కాగితాల మీద సంతకాలు గీకిన ఆఫీసర్లూ, మీరూ తోడుదొంగలే.

కహాయన్ నదికి అవతలి ఒడ్డు లేదు. పొగ తినేసింది. పైన సూర్యుడు — ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొనలా...

కమేలో అనే అమ్మాయికి పట్నంలో, గాలిని కొలిచే ఆఫీసులో ఉద్యోగం. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఉపగ్రహం తల మీదుగా పోతుంది. దాని కన్ను గాలిలో విషవాయువు ఎక్కడ ఎంతుందో కొలుస్తుంది. ఆ అంకెలు చూసి కమేలో పటంలో గడులకు రంగు వేస్తుంది. పచ్చ. పసుపు. ఎరుపు.

ఎర్ర గడికి ఆక్సిజన్ పడవ వెళుతుంది.

మబ్బు అడ్డొస్తే కన్నుకి కింద ఏమీ కనపడదు. ఆ గడి తెల్లగా వదిలేయాలి. రూలు.

తెల్ల గడికి పడవ వెళ్లదు.

పదకొండు రోజులుగా ఒక గడి తెల్లగానే ఉంది. అక్క లామియాంగ్ ఊరి గడి.

పన్నెండో రోజు అక్క ఫోన్ చేసింది.

"ఏమే, పైనుంచి అన్నీ చూస్తారటగా! మా ఊరు కనపడి చావట్లేదా? పసిదాని పెదాలు నీలంగా అయిపోతున్నాయే. పడవేదీ?"

"మీ మీద మబ్బుందక్కా, అందుకే..."

"మబ్బా!" అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. "మూడు నెలలైంది చుక్క పడి. నీ మబ్బు మా ఇంట్లోనే కూర్చుని కళ్లు మండిస్తోంది. తీసుకెళ్లి మీ ఆఫీసరు నెత్తిన కురిపించు!"

కమేలో పటం మీదికి వంగి ఆ తెల్ల గడిని మళ్లీ చూసింది.

మబ్బు కాదు.

పొగ.

మరీ చిక్కబడితే యంత్రం దాన్నే మబ్బనుకుంటుంది. కొంచెం పొగైతే పసుపు. ఎక్కువైతే ఎరుపు. ఊపిరే ఆడనంతైతే — తెలుపు.

పదకొండు రోజులు. తన చేత్తోనే. రూలు చూసింది. ఇది వానల్లేని కాలమని చూడలేదు.

గడిని ఎర్రగా నింపింది. పటం పట్టుకుని ఆఫీసరు ముందు నిలబడింది.

"అంకేదమ్మా? ఉపగ్రహం చెప్పందే ఎరుపెలా వేస్తావు?"

"దానికి కళ్లు మూసుకుపోయాయి సార్. మా అక్క కింద నుంచి చెప్పింది."

"రేపు పైవాళ్లు నన్నడిగితే? మీ అక్క చెప్పిందనాలా?"

"అనండి. పేరు లామియాంగ్. రాసుకోండి."

ఆయన రాసుకోలేదు. కలం తీశాడు... మూత పెట్టాడు. ఆయన సంతకం లేకుండా పడవ కదలదు.

కమేలో అక్కకు ఫోను కలిపి, స్పీకరులో పెట్టి ఆయన బల్ల మీద ఉంచింది. అవతల పసిదాని ఊపిరి — సన్నగా, ఈల వేసినట్టు. ఆగుతూ... మళ్లీ...

"వినండి సార్. ఇదే అంకె. సిలిండర్లు ఎక్కించండి. పడవ తాడు విప్పండి. తెల్లగా ఉన్న ప్రతి గడికీ మనిషిని పంపండి. తర్వాత ఆ కాలువలు పూడ్పించండి, అంటించినవాళ్ల మెడలు పట్టండి. ముందు పడవ. రేపు కాదు సార్ — ఇప్పుడు!"