పావ్లోవా ఎవరిది?

ఓడ సిడ్నీ రేవు దాటిన మర్నాడే నా కుర్చీ పోయింది.

మామూలు కుర్చీ కాదది. సదరన్ డచెస్ ఓడ ఆరో అంతస్తు హాల్లో, కిటికీ పక్కన ఒక గుండ్రటి బల్ల ఉంటుంది. ఏ దీవి దగ్గరా ఆగకుండా ఓడ నడిచే రోజుల్లో పొద్దున్నే ఆ హాల్లో క్విజ్ పెడతారు. జట్టుకు ఆరుగురు మించకూడదు. ఏటా చలికాలంలో మా ఆరుగురం ఆ బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళం: లిండ్సే, అతని భార్య మెర్ల్, ట్రెవర్, నొయెలీన్, మా ఆయన బ్యారీ, నేను. అందరం మా ఊరు వొలొంగాంగ్‌లో పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బు వాళ్ళమే. పోయిన వేసవిలో బ్యారీ పోయాడు. ఈసారి నేనొక్కదాన్నే వచ్చాను.

టీ కప్పు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మా ఇద్దరి కుర్చీల్లో ఎవరో రిటైరైన పళ్ళ డాక్టరు, ఆయన భార్య కూర్చుని ఉన్నారు.

మెర్ల్ లేచి నా చెయ్యి పట్టుకుంది. "ఏమే గ్లెనిస్, నీకు ముందే చెబుదామనుకున్నాం. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. డెస్మండ్ వాళ్ళు కొత్తగా చేరారు కదా, ఆరుగురికి సరిపోయింది. అయినా జంటల మధ్య కూర్చుంటే నీకు బ్యారీ గుర్తొచ్చి మనసు పాడవుతుందే. అంతా నీకోసమే."

బ్యారీ నాకు ఎక్కడ గుర్తు రావాలో మెర్ల్ నిర్ణయిస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

లిండ్సే తల కూడా ఎత్తలేదు. ఆ బల్ల దగ్గర పెన్సిల్ ఎప్పుడూ అతని చేతిలోనే ఉంటుంది. ఇన్నేళ్ళలో బ్యారీ గానీ నేను గానీ ఒక్క జవాబు మా చేత్తో రాసిన పాపాన పోలేదు. "వెనకాల కూర్చుని చూడు మేట్," అన్నాడు. "చూసేవాళ్ళకి టికెట్టేం లేదులే."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను మండడాన్నే ఎంచుకుంటాను. హాల్లో మిగిలిన ఒకే ఒక్క ఖాళీ బల్ల మరుగుదొడ్ల తలుపు పక్కన ఉంది. వెళ్ళి అక్కడ కూర్చున్నాను.

కాసేపటికి నాకు రెండింతలున్న ఒకావిడ ప్లేటు నిండా బిస్కెట్లతో వచ్చి నిలబడింది. "ఈ కుర్చీల్లో ఎవరైనా ఉన్నారా, లేక అందరూ నీ మొహం చూసి పారిపోయారా?"

"అందరూ పారిపోయారు."

"అయితే నాకు చోటుంది," అని కూర్చుంది. ఆవిడ పేరు హుయియా. న్యూజిలాండ్‌లో గిస్బర్న్ మనిషి. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. ఆ గొంతు వింటే ఎంత అల్లరి పిల్లలైనా నోరు మూసుకుని ఉంటారు. అక్క తుంటి విరిగి ఆగిపోతే టికెట్టు వృథా చేయడం ఇష్టంలేక ఒంటరిగా వచ్చింది. ఆమె వెనకాలే కాలిన్ అనే పెద్దమనిషి తోడయ్యాడు. చెవిటి మిషను పెట్టుకుంటాడు గానీ దాన్ని నమ్మడు. రహస్యం చెప్పినా ఓడ కెప్టెన్‌కి వినబడేలా చెబుతాడు.

జట్టుకో పేరు పెట్టుకోమంది క్విజ్ నడిపే అమ్మాయి టాష్. హుయియా మమ్మల్ని ముగ్గుర్నీ ఎగాదిగా చూసి, "నిన్నటి మటన్ అని రాసుకో," అంది. పెన్సిల్ నా చేతిలో పెట్టింది.

మా ఊళ్ళో ఎవరైనా అడుగుతారు, ఓడ ప్రయాణంలో అంత సుఖమేముంటుందని. నీలం నీళ్ళంటారు, దీవులంటారు, రొయ్యలంటారు. నీలం నీళ్ళు మా వీధి చివరే ఉన్నాయి, రొయ్యలు వాటికంటే దగ్గర. ఓడలో సుఖమంటే నేను చెబుతా వినండి. పొద్దున్నే ప్లేటులో గుడ్లు వడ్డించుకుని, వేలమంది కిక్కిరిసిన హాల్లో ఎటు వెళ్ళాలో తెలియక నిలబడితే, ఏదో మూల నుంచి ఒక చెయ్యి పైకి లేచి "ఇక్కడ! ఇక్కడే!" అని పిలవాలి. అంతే. మిగతావన్నీ తర్వాత. ఆ చెయ్యి లేని మనిషికి ఎంత పెద్ద ఓడైనా ఆస్పత్రి వరండాలా ఉంటుంది. మొదటి రోజు నేను అలాగే నిలబడ్డాను. మర్నాటి నుంచి హుయియా చెయ్యి లేచింది. చెయ్యి మాత్రమే కాదు, గొంతు కూడా.

ఆ క్విజ్‌కు ఒక నియమం ఉంది. టాష్ చేతిలోని చీటీలో ఏ జవాబుంటే అదే సరైన జవాబు. మొదటి రోజే పీతకు కాళ్ళెన్ని అని అడిగింది. హాలంతా పది అని గోల పెట్టింది. చీటీలో ఎనిమిదని ఉంది. "ఓడ చీటీ ఎనిమిదంటే ఎనిమిదే, బంగారాలూ," అని నవ్వేసింది టాష్. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటే ఇదే. ప్రశ్నలూ పెద్దగా మారవు. ఏటా వచ్చేవాళ్ళకు చీటీలో ఏ తప్పు ఎక్కడుందో కంఠతా వస్తుంది. లిండ్సే గెలిచేదంతా అలాగే. కిటికీ బల్ల వాళ్ళు ముందే ఎనిమిదని రాసి ఉంచారు. నేనూ ఎనిమిదనే రాశాను.

హుయియా నా వంక ఓరగా చూసింది. "పీతని ఎప్పుడైనా చూశావా తల్లీ?"

"చూశాను. చీటీని కూడా చూశాను."

"సరేలే, పీతకి పట్టింపు లేకపోతే నాకేం," అని ఇంకో బిస్కెట్టు తీసుకుంది.

నౌమియాలో దిగినప్పుడు బస్సు యాత్రకు వెళ్ళకుండా ముగ్గురం రేవు పక్కన బెంచీ మీద కూర్చుని పొడుగు రొట్టె, జున్ను తింటూ దారిన పోయేవాళ్ళ టోపీలకు మార్కులు వేశాం. లిఫూ దీవిలో హుయియా బట్టలతోనే నీళ్ళలో దిగి, "రావే, తడిస్తే ఆరుతాం!" అని అరిచింది. నేనూ దిగాను. బ్యారీ పోయాక కడుపు నొప్పొచ్చేలా నవ్వడం అదే మొదలు. మొదట తప్పు చేసినట్టనిపించింది. తర్వాత అనిపించలేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ నాకా కుర్చీ కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను. బ్యారీ ఆ కిటికీ లోంచే ఎగిరే చేపల్ని చూపించి జవాబుల సంగతి మరిచిపోయేవాడు. మొగుడు పోతే ఆడదానికి బల్ల దగ్గర చోటు కూడా పోతుందా? పోయిన సామానులా వెనక్కి అడిగి తెచ్చుకోవాలని పంతం పట్టాను.

పోర్ట్ విలా రేవు దాటిన రాత్రి భోజనాల వరసలో లిండ్సే నా వెనకే నిలబడ్డాడు. "నిన్నటి మటన్ ఇంకా పాడవలేదే!" అన్నాడు అందరికీ వినబడేలా. ఏ రోజు మార్కులు ఆ రోజు కూడుతూ పోయి ఆఖరి క్విజ్ నాడు గెలుపు తేలుస్తారు; అప్పటికి మేం వాళ్ళకు కొద్దిగానే వెనకబడి ఉన్నాం.

"పాడవలేదు. మిమ్మల్ని ఓడిస్తే ఏమిస్తావు?"

"ఓడిస్తే వచ్చే ఏడాది నీ కుర్చీ నీకే. డెస్మండ్‌ని సముద్రంలోకి తోసేస్తా."

వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. డెస్మండ్ కూడా నవ్వాడు, పాపం. "అందరూ విన్నారు కదా," అన్నాను నేను. "మాట మాటే."

"మాట మాటే," అన్నాడు లిండ్సే.

ఆఖరి క్విజ్ నాడు సముద్రం కొద్దిగా ఊగుతోంది. హాలు కిటకిటలాడింది. చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి టాష్ మార్కులు చదివింది: కిటికీ బల్ల, నిన్నటి మటన్ సమానం. సమానమైతే గెలుపు తక్కువ మంది ఉన్న జట్టుదేనని ఓడ ఆనవాయితీ. అంటే చివరి జవాబు మాకు తప్పు కాకుంటే చాలు, కుర్చీ నాదే.

"ఆఖరిది," అంది టాష్. "పావ్లోవా ఏ దేశంలో పుట్టింది?"

హాలంతా ఒక్కసారి ఊళ వేసింది. గుడ్డు తెల్లసొనను నురగ కట్టించి, పొయ్యిలో కాల్చి, పైన మీగడ, పళ్ళు వేస్తే అది పావ్లోవా. క్రిస్మస్‌కు అది లేని ఇల్లు అటు మా దేశంలోనూ ఉండదు, ఇటు హుయియా దేశంలోనూ ఉండదు. మాదంటే మాదని రెండు దేశాలూ నా చిన్నప్పటి నుంచీ జుట్లు పట్టుకుంటున్నాయి. చీటీలో ఏముందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఇదే ప్రశ్న వచ్చింది. ఆస్ట్రేలియా అని ఉంటుంది.

హుయియా రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "న్యూజిలాండ్. రాయి."

నేను దగ్గరికి వంగాను. "చీటీలో ఆస్ట్రేలియా అని ఉంది హుయియా. నాకు తెలుసు."

"చీటీ సంగతి నేనడిగానా? మా అమ్మ చేసేది, వాళ్ళమ్మ చేసేది. మా అమ్మ పోయిన రోజు కూడా వాకిట్లో ఎవరో ఒకటి తెచ్చిపెట్టారు."

"ఇదొక్కటి రాస్తే గెలుస్తాం."

ఆవిడ నా వైపు తిరిగింది. కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. "పెన్సిల్ నీ దగ్గరుంది తల్లీ. కుర్చీ కావాలన్నది నువ్వు. రాసుకో. నేనేమీ అనుకోను." మొహం పక్కకు తిప్పుకుంది.

"పావ్లోవా ఆస్ట్రేలియాదే కదా!" అని కాలిన్ రహస్యంగా అరిచాడు. హాలంతా చప్పట్లు.

కిటికీ బల్ల వైపు చూశాను. లిండ్సే రాసేసి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మెర్ల్ ఏదో చెప్పబోతే వేలు పెదవుల మీద పెట్టి ఊరుకోమన్నాడు. ఆవిడ ఊరుకుంది. ఇన్నేళ్ళూ నేనూ అలాగే ఊరుకున్నాను. ఆ కుర్చీ దొరికితే వచ్చే ఏడాది అందులో కూర్చుని మళ్ళీ ఊరుకుంటాను. మరి ఈవిడ? మరుగుదొడ్ల పక్కన ఒక్కతే కూర్చుని బిస్కెట్లు తింటుందా? మెర్ల్ నాకు చేసిన పనే నేనూ ఈవిడకు చేస్తానా? చెయ్యను. చచ్చినా చెయ్యను.

న్యూజిలాండ్ అని రాశాను. పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీశాను.

జవాబు కాగితాలు పక్క జట్టుతో మార్చుకుని దిద్దడం పద్ధతి. మాది కిటికీ బల్లకు వెళ్ళింది. టాష్ "ఆస్ట్రేలియా!" అనగానే లిండ్సే మా కాగితం చూసి ఎగిరి లేచాడు. "న్యూజిలాండ్ అట! మన గ్లెనిస్ రాసింది! వొలొంగాంగ్ ఆడపడుచు!"

హాలంతా ఛీ కొట్టింది. మొత్తం ఆస్ట్రేలియా జనమే కదా. ఎవరో నాప్కిన్ ఉండ చుట్టి విసిరారు. నేను లేచి నిలబడ్డాను. ఓడ ఊగుతుంటే బల్ల అంచు పట్టుకున్నాను.

"అవును, నేనే రాశాను. నా చేత్తో రాశాను. ఎవరికి కడుపుమంటగా ఉంటే వాళ్ళు వెళ్ళి మజ్జిగ తాగండి."

"పోయిందే నీ కుర్చీ!" అన్నాడు లిండ్సే.

"ఆ కుర్చీ నువ్వే ఉంచుకో. రెండింటి మీదా నువ్వే కూర్చో, నీకు సరిపోతుంది!"

ఈసారి హాలు అతన్ని చూసి నవ్వింది. గెలిచినవాళ్ళకు ఓడ బొమ్మ ఉన్న ప్లాస్టిక్ తాళంచెవి గొలుసులు పంచారు. లిండ్సే తనది అప్పటికప్పుడే నడుముకు తగిలించుకున్నాడు.

జనం పలచబడ్డాక మెర్ల్ మా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి, "అతను అలాగే వాగుతాడు గానీ నువ్వు వచ్చే ఏడాది వచ్చెయ్యవే. ఏడో కుర్చీ వేసి నా వెనకాల సర్దుతాను. ఎవరూ చూడరు," అంది.

"ఎవరూ చూడకుండా నేనెందుకు కూర్చోవాలి మెర్ల్? మా బల్ల దగ్గర మేం ముగ్గురమే. మూడు కుర్చీలు ఖాళీ. నీకు కావాలంటే నువ్వే రా. అందరూ చూస్తుండగానే రా."

మెర్ల్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. కిటికీ వైపు చూసింది. కూర్చోలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం, "రేపు పొద్దున టిఫిన్‌కి మీరెక్కడ కూర్చుంటారు?" అని అడిగింది.

"చెయ్యి ఊపుతానులే," అంది హుయియా.

మెర్ల్ వెళ్ళాక హుయియా బల్ల మీదికి వంగింది. "ఇప్పుడు నిజం చెప్పు. పావ్లోవా మాదేనని నమ్ముతున్నావా?"

"ఛస్తే నమ్మను. అది మాదే. మొత్తం మాదే. మీరు పళ్ళు మార్చి పేరు కొట్టేశారు."

హుయియా నవ్విన నవ్వుకు కాలిన్ మిషను కుయ్యిమంది. కళ్ళు తుడుచుకుని, "మరెందుకు రాశావే పిచ్చిదానా?" అంది.

"నా బల్ల, నా ఇష్టం," అన్నాను.