ఒట్టి అక్రోటు కాయ

మా ఇంట్లో ఏ వస్తువూ తన బతుకు తాను బతకడానికి నోచుకోలేదు. చీపురు పశ్చాత్తాపం అయింది. గడియారం ప్రభువు రెండో రాకడ అయింది. నేను అల్లుతున్న మేజోడులో ఒక ముడి జారిపోతే అది రహస్య పాపం అయింది. మా ఆయన టెయోఫిల్‌కి చేపలు పట్టే సరదా ఉంది. ఏటి ఒడ్డున కూర్చుని ఒక్క చేపా లేకుండా ఇంటికొస్తాడు గానీ, మూడు ప్రసంగాలు మాత్రం పట్టుకొస్తాడు.

ఆయన మా కొండపల్లె బాప్టిస్టు చర్చికి పాస్టరు. ఊళ్లో సగం మంది ఆర్థడాక్సు క్రైస్తవులు, మమ్మల్ని 'మారుమనసోళ్లు' అని వెక్కిరిస్తారు. వాళ్లు కూడా ఎప్పుడైనా మా కిటికీ పక్కన నిలబడి ఆయన ప్రసంగం వింటారు. వినరా మరి? వారం వారం బల్ల మీద ఏదో ఒక వస్తువు. ఈ వారం ఏం తెస్తాడోనని పిల్లలు పందేలు కాస్తారు. అందరికీ ముచ్చటే. ఆ వస్తువు ఎవరి ఇంట్లోంచి పోయిందో వాళ్లకే మంట.

ఒకసారి నా ప్లమ్ జామ్ అడుగంటింది. అడుగంటని ఇల్లు ఉంటుందా? ఆ ఆదివారం మాడిన గిన్నెను గుడ్డలో చుట్టి పట్టుకెళ్లి, బల్ల మీద బోర్లించి, నరకం గురించి ముప్పావుగంట చెప్పాడు. జనం కళ్లు తుడుచుకున్నారు. ముందు బెంచీలో కూర్చునే వలేరియా మాత్రం గిన్నె వైపు కాదు, నా వైపు చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నారే, ఆ పల్లకీ మోసేది మా ఇంటి గిన్నెలే.

అదంతా సహించాను. సహించలేనిది జిప్పు ప్రసంగం.

మా అమ్మాయి తబితకి అప్పుడు పంతొమ్మిదేళ్లు. హోరియా అనే బస్సు డ్రైవరుతో మాట్లాడుతోందని ఊరంతా గుసగుసలు. కుర్రాడు మంచివాడే, కానీ ఆర్థడాక్సు. టెయోఫిల్ ఇంట్లో ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేది. ఆదివారం పొద్దున్న దాని ఎర్ర చలికోటు తీసుకెళ్లి బల్ల మీద పరిచాడు. జిప్పు పైకీ కిందకీ లాగి చూపించాడు. "ఒక్క పన్ను వంగింది ప్రియులారా. ఒకే ఒక్కటి. ఇక రెండు వరసలూ కలవవు. చలిగాలి లోపలికొస్తుంది. ఇల్లంతా దగ్గుతుంది," అన్నాడు.

ఆ ఎర్ర కోటు ఎవరిదో తెలియనివాళ్లు చర్చిలో ఒక్కరూ లేరు. మధ్యాహ్నానికల్లా పిల్లలు తబితని 'జిప్పక్కా' అని పిలిచారు. మర్నాడు అది ఆ కోటు ఇంట్లోనే వదిలేసి, చలిలో వణుక్కుంటూ క్లుజ్ పట్నం బస్సెక్కింది. హోరియానే పెళ్లాడింది. మనవరాలు ఇలింకను నేను క్లుజ్ వెళ్లి చూసొచ్చేదాన్ని, ఒక్కదాన్నే. తబిత మాత్రం మా గడప తొక్కలేదు. వాళ్ల నాన్నకి ఫోనులో కూడా ఒక్క పలకరింపు లేదు.

ఇన్నేళ్లకి, మొన్న కోతల పండుగ ముందు ఫోను చేసింది.

"అమ్మా, ఇలింకా నేనూ వస్తాం. హోరియాకి డ్యూటీ. గోంబోత్స్ చేస్తావా?"

బంగాళదుంప పిండిలో ప్లమ్ పండు పెట్టి ఉడికించి, వేయించిన రొట్టె పొడిలో దొర్లించే ఉండలవి. చిన్నప్పటినుంచీ అవంటే ప్రాణం దానికి. "చేస్తానే తల్లీ, గంపెడు చేస్తాను," అన్నాను.

"చర్చికి కూడా వస్తాను. ఇలింకకి అక్కడ పేర్చే గుమ్మడికాయలు చూడాలని ఉందట. కానీ ఒకటే షరతు. నాన్న ఏ వస్తువూ చూపించకూడదు. చూపించాడో, లేచి వెళ్లిపోతాను. మళ్లీ రాను. ఉత్తుత్తి బెదిరింపనుకోకు."

అది ఉత్తుత్తి బెదిరింపు చేసే పిల్ల కాదు. నా కడుపున పుట్టింది.

ఆ సాయంత్రం టెయోఫిల్ గాలానికి దారం కడుతుంటే ఎదురుగా కూర్చున్నాను. షరతు చెప్పాను. ఆయన దారం కింద పెట్టాడు.

"కోతల పండగ సవేటా! బల్ల నిండా ద్రాక్ష, జొన్నపొత్తులు, అంతలేసి గుమ్మడికాయలు..."

"ఉండనీ. వాటి మానాన అవి ఉంటాయి, నీ మానాన నువ్వుండు."

"ప్రభువు కూడా విత్తనాల గురించీ పులిసిన పిండి గురించీ చెప్పాడు కదే."

"చెప్పాడు. వాళ్లమ్మ మాడ్చిన గిన్నె గురించి మాత్రం ఎక్కడా చెప్పలేదు."

ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. "మాటిస్తున్నాను," అన్నాడు. "ఒట్టి చేతులతో వేదిక ఎక్కుతాను." పాపం, నిజంగానే అన్నాడు. ఆయన మాట తప్పాలని ఎప్పుడూ తప్పడు. అదే నా కర్మ.

శనివారం వచ్చారు, కారు చర్చి గోడ పక్కన పెట్టి. తబిత జుట్టు కత్తిరించుకుంది. టెయోఫిల్ గుమ్మంలో నిలబడి, "శాంతి కలుగును గాక," అన్నాడు, చర్చికొచ్చిన కొత్తవాళ్లతో అన్నట్టు. "నీకూను," అంది అది. అంతే. భోజనాల దగ్గర ఇద్దరూ ఉప్పు డబ్బా ఇలింక చేత ఇటూ అటూ పంపించుకున్నారు. ఆ డబ్బా మీద ఆయన కళ్లు రెండుసార్లు వాలాయి. బల్ల కింద కాలితో తన్నాను.

ఆదివారం పొద్దున్నే ఇలింకా నేనూ పెరట్లో అక్రోటు కాయలు ఏరాము. పై పచ్చ తొక్క ఒలుస్తుంటే దాని చేతులు మోచేతులదాకా నల్లబడ్డాయి. సబ్బు పెట్టినా, నిమ్మకాయ రుద్దినా పోలేదు. "మంత్రగత్తె చేతులు!" అని అది ఒకటే గంతులు. నేనూ నా నల్ల చేతులు చూపించి దాన్ని భయపెట్టాను. ఎన్నేళ్లకి నవ్వానో అలా.

చర్చిలో ఆడవాళ్ల వైపు చివరి బెంచీలో కూర్చున్నాం. పెళ్లయిన ఆడవాళ్లం తలకి గుడ్డ కట్టుకుంటాం మేము. తబిత కట్టుకోలేదు. వలేరియా ముందు బెంచీలోంచి వెనక్కి తిరిగి, "అమ్మాయ్, కావాలంటే నా సంచీలో ఇంకోటుందే," అంది.

"వద్దు పిన్నీ, నాకు చలెయ్యట్లేదు," అంది తబిత. వలేరియా మొహం అటు తిప్పేసుకుంది. నాకు లోలోపల భలే సంతోషం వేసింది.

టెయోఫిల్ ఒట్టి చేతులతోనే ఎక్కాడు. పిల్లలు నిరాశపడ్డారు. కృతజ్ఞత గురించి మొదలుపెట్టాడు. వెనకాల పంట అంతా కొండలా పేర్చి ఉంది. ఆయన అటు తిరగలేదు. చెమటలు పడుతున్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి జేబుల్లో, ఒకసారి వెనక్కి. మాట మాటకీ తడబాటు. జనం ఆవలించారు. నాకు మాత్రం అంత చక్కని ప్రసంగం ఆయన నోట ఎప్పుడూ విన్నట్టు లేదు. తబిత భుజాలు కొంచెం కిందికి దిగాయి. ఇంకో పది నిమిషాలు గట్టెక్కితే చాలు ప్రభువా అనుకున్నాను.

అప్పుడే ఇలింక నా ఒడిలోంచి జారి, నడవలోంచి టకటకా ముందుకెళ్లి, పంట కొండలోంచి ఒక అక్రోటు కాయ లాగింది. దాని వెనకే ఇంకో ఇరవై దొర్లాయి. ఒకటి సరిగ్గా టెయోఫిల్ బూటుకి తగిలి ఆగింది.

జనం నవ్వారు. ఆయన వంగి దాన్ని తీశాడు. లేచేసరికి మొహం మీద ఆ చిరునవ్వు. ముప్ఫయ్యేళ్లుగా చూస్తున్నాను ఆ చిరునవ్వుని, నాకు తెలీదా?

"చూశారా ప్రియులారా," అన్నాడు. గొంతు ఒక్కసారిగా బతికొచ్చింది. "చిన్న అక్రోటు కాయ. ఇటు రామ్మా ఇలింకా, నీ చేతులు చూపించు. ఎంత నలుపో! ఎవరు పూశారు? ఎవరూ పుయ్యలేదు. తొక్కను ముట్టుకుంది, అంతే. ఈ మరక సబ్బుకి పోదు. తల్లి ముట్టుకున్నది బిడ్డకి..."

తబిత సంచీ అందుకుంది.

మా చర్చిలో ఆడది ప్రసంగించకూడదు. కానీ ఎవరైనా సరే, ఆడదైనా సరే, పైకి ప్రార్థన చెయ్యొచ్చు. ఎవరైనా ప్రార్థన ఎత్తుకుంటే అందరూ లేచి కళ్లు మూసుకోవాలి. ఆమెన్ దాకా నోరెత్తకూడదు. ప్రసంగం మధ్యలో ఎవరూ ఎత్తుకోరు, నిజమే. అయితే ఎత్తుకుంటే ఆపే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

లేచాను.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రం!" అని గట్టిగా అన్నాను.

బెంచీలన్నీ కిర్రుమన్నాయి. అందరూ లేచారు. పాస్టరుకి సాయపడే డీకను అవ్రామ్ ఒక కన్ను తెరిచి చూసి, మూసేశాడు. టెయోఫిల్ కాయ చేత్తో పట్టుకునే తల వంచాడు.

"ప్రభువా, నీ దాసుడు టెయోఫిల్ నాకు ఒక మాట ఇచ్చాడు. నీ ముందే ఇచ్చాడు, నువ్వు విన్నావు. ఈయనకి చెప్పు తండ్రీ. నువ్వు అక్రోటు కాయని తినడానికి చేశావు. గిన్నెని వండటానికి చేయించావు. పిల్లల్ని పాఠాలు చెప్పడానికి ఇచ్చావా మాకు? నా మనవరాలి చేతులు నల్లగా ఉన్నాయి. ఎందుకంటే మేమిద్దరం కాయలు ఒలిచాం. అంతే తండ్రీ! అందులో ఏ మర్మమూ లేదు!"

ఎవరో అలవాటుగా "ఆమెన్" అన్నారు. నాకు ఊపొచ్చింది.

"నా బిడ్డ తబిత నీకు తెలుసు ప్రభువా. ఈ బల్ల మీద దాని కోటు పరిచి దాని పరువు తీశారు. అది చలిలో ఏడ్చుకుంటూ పోయింది. ఈ బెంచీల్లో ఒక్కరైనా దానికి గుడ్డ కప్పారా? ఇప్పుడు తలకి గుడ్డ ఇస్తామంటున్నారు! రాత్రిళ్లు అది ఫోనులో నా దగ్గర ఎంత ఏడ్చిందో నీకు తెలుసు..."

కడుపులో ఉన్నదంతా కక్కేశాను. వలేరియా ముక్కు చీదడం వినిపించింది. ఆమెన్ అన్నప్పుడు ఒళ్లంతా తేలికపడింది. గెలిచాననుకున్నాను. కళ్లు తెరిచి పక్కకి తిరిగాను.

తబిత లేదు. ముందు ఇలింకా లేదు.

గోడ పక్కన కారు దగ్గర దొరికింది. ఇలింకను వెనక సీట్లో కట్టేస్తోంది. బెల్టు పడట్లేదు.

"ఆగవే! ఆయన నోరు మూయించాను కదే!"

"విన్నాను. ఊరంతా విన్నారు."

"మరి ఇంకేమిటే?"

"నేను ఫోనులో ఏడ్చింది నీ దగ్గరమ్మా. నీ ఒక్కదాని దగ్గర." దాని గొంతు పెద్దగా లేవలేదు, అదే నాకు భయమేసింది. "నాన్న కోటు పరిచాడు. నువ్వు ఏడుపు పరిచావు. బల్ల ఒకటే."

"నీ తరఫునే కదే మాట్లాడాను..."

"ఎవరడిగారు? నేను గోంబోత్స్ తిందామని వచ్చానమ్మా."

లోపల అవ్రామ్ పాట ఎత్తుకున్నాడు, శ్రుతి లేకుండా. చర్చి తలుపు తెరుచుకుంది. పాస్టరు ఆరాధన మధ్యలో బయటికి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. టెయోఫిల్ మెట్లు దిగి వచ్చి, కారుకి కాస్త దూరంలో ఆగిపోయాడు. చేతిలో ఇంకా ఆ కాయే.

"అది నాది తాతా," అంది ఇలింక కిటికీలోంచి. "లోపలేముంది?"

ఆయన నోరు తెరిచాడు. ఆ నోటిలో ఏముందో నాకు వినిపిస్తూనే ఉంది. గట్టి పెంకు, మెత్తటి హృదయం, అన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. కసిరేద్దామని నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. తబిత మా ఇద్దరినీ చూస్తోంది.

ఆయన గోడ కింద రాలిన ఇంకో కాయ ఏరి, రెండూ గుప్పిట్లో పెట్టి నొక్కాడు. పటుక్కుమంది.

"పప్పు," అన్నాడు.

"ఇంకా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏదో బరువు దించడానికి అవస్థ పడుతున్నట్టు కనబడ్డాడు. "ఇంకేం లేదమ్మా. పప్పే. తిను."

ఇలింక తింది. తబిత పిల్ల ఒళ్లో పడ్డ పెంకు ముక్కలు దులిపింది. ఆయన తబిత వైపు ఒక అడుగు వేశాడు. "ఆ కోటు ఉందే తల్లీ," అన్నాడు. "జిప్పు బాగు చేయించాను. అప్పుడే చేయించాను. నీకెలా చెప్పాలో తెలియక..."

"నాకిప్పుడు పట్టదు నాన్నా, ఆ కోటు," అంది తబిత. కోపంగా కాదు, ఉన్నమాట అన్నట్టు.

ఆయన తలూపాడు. నేను తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాను. "తప్పయిందే," అన్నాను. "ఇక నీ పేరు దేవుడి దగ్గర కూడా గట్టిగా ఎత్తను."

"మెల్లగా ఎత్తు. ఆయనకేం చెవుడు లేదు," అంది. పెదవి చివర కొంచెం వంగింది. తర్వాత, "ఉండలు ఉడికించావా, ఇంకా నీళ్లే పెట్టలేదా?" అని అడిగింది.

"చేసి గుడ్డ కింద పెట్టాను. నీళ్లు మరిగితే చాలు."

అది ఇలింక బెల్టు విప్పింది. "తినేసి వెళ్తాం. రాత్రికి ఉండం," అంది. ఉండమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. దొరికిందే చాలనుకున్నాను.

ఇంటికి నాలుగడుగులే, నడిచే వెళ్దామంది. కారుకి తాళం వేసి, ఇలింక ఆడుకుంటానంటే తాళం చెవి దాని నల్ల చేతుల్లో పెట్టింది. టెయోఫిల్ ఆగిపోయి, ఆ తాళం చెవి వైపే చూస్తున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు," అన్నాడు. "తాళం చెవి."