లినక్స్ కాగితం మీద బొట్టుబిళ్లలు

ఆదివారం పూట కొత్త పెళ్లాన్ని సినిమాకి కాకుండా కంప్యూటర్ల దగ్గరికి తీసుకెళ్లే మొగుడు సికింద్రాబాద్ మొత్తంమీద తనకే దొరికాడని పూజితకు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందే గాని కోపం రాలేదు. పెళ్లయి ఇంకా నెల నిండలేదు. పద్మారావు నగర్ నుంచి మెట్టుగూడ దాకా ఆటోలో అతని మోచేయి తగులుతూ వెళ్లడమే ఆమెకు సినిమా కంటే బాగుంది. ఒళ్లో స్టీలు క్యారియర్, దాని అడుగు గిన్నె నిండా పులిహోర.

“ఇంతకీ అక్కడ మీరు చేసేది ఏటండీ?” అంది.

కన్నబాబు హుషారుగా ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు. వారమంతా మాదాపూర్‌లో ఎవరో విదేశీ బ్యాంకు కోసం ప్రోగ్రాములు రాసే మనిషికి, ఈ ప్రశ్న అడిగేవాళ్లు దొరకడమే అరుదు.

“తెలుగులో టైపు చేసిన పాఠాన్ని బ్రెయిలీ చుక్కలుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల విప్పి చూడొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. విండోస్‌లో బాగానే నడుస్తోంది. లినక్స్ అని విండోస్ లాంటిదే, ఊరికే దొరికేది ఇంకోటుంది. దాంట్లో కూడా అచ్చం అలాగే నడుస్తోందా లేదా అని చూడాలి. ఒకే పాఠం రెండింట్లోనూ వేసి, ఒక్క చుక్క కూడా తేడా రాకపోతే గెలిచినట్టు.”

“సొంతం కానిదాని మీద ఇంత ప్రేమేటో!”

“నీ మీద ఉన్నంత లేదులే.”

ఆటో డ్రైవర్ అద్దంలోంచి ఓ చూపు చూశాడు. పూజిత క్యారియర్ మూత వైపు తల వంచేసింది.

రైల్వే క్వార్టర్ల వెనక సందులో ఉంది ఆ స్కూలు. చూపు లేని పిల్లలు చదువుకునే చోటు. సెలవు రోజు కాబట్టి వరండా ఖాళీగా ఉంది. కంప్యూటర్ గది గుమ్మంలో నీలం చుడీదార్ వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. పేరు మహెక్. పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. బి.ఎడ్. చదివి ఇక్కడే సోషల్ టీచరుగా చేస్తోంది.

“గాజులు మస్తుగ మోగుతున్నయ్! కొత్త భాభీయేనా?” అంది పూజిత నోరు విప్పకముందే.

“అవునండీ. చప్పుడు ఎక్కువైతే తీసేస్తాను.”

“అరె, ఉండనియ్యుర్రి. కన్నబాబు భాయ్ వచ్చిండంటే కీబోర్డు చప్పుడే ఎప్పుడూ. జెర మార్పు ఉండాలె కద.”

పూజిత అడగాల్సినవి అడుగుతూనే ఉంది, మహెక్ విసుగు లేకుండా చెబుతూనే ఉంది. పదో తరగతి సోషల్ పుస్తకం బ్రెయిలీలో స్కూలు మొత్తానికి ఒక్కటే ఉంది. అదీ ఇన్నేళ్ల పిల్లల వేళ్ల కింద అరిగిపోయింది. అందుకని మహెక్ చదువుతుంటే పిల్లలు వింటారు.

“వినుడు వేరే, చదువుడు వేరే భాభీ. మ్యాపు పాఠం నేను చెప్తుంటే వాళ్లు ఊఁ కొడ్తరు. ఊఁ కొడితే వచ్చేసినట్టా? ఎవరి పుస్తకం వాళ్ల ఒళ్ల ఉండాలె.”

విండోస్ ఉన్న పాత కంప్యూటర్ ఇవాళో రేపో అన్నట్టుంది. ఎవరో ఇచ్చిన కొత్తవాటిలో ఉన్నది లినక్సే. స్కూలు కార్యదర్శి రామభద్రరావు గారు సాయంత్రం నాలుగింటికి వస్తారు. కొత్తవాటితో పని జరుగుతుందని తేలితే పుస్తకాల అచ్చు ఇవాళే మొదలు. లేదంటే గోడ వారన పేర్చిన మందపాటి కాగితాల కట్టలన్నీ ఇంకో జిల్లాలోని స్కూలుకు వెళ్లిపోతాయి. ఈ ఏడూ పిల్లలు ఊఁ కొట్టడమే.

బ్రెయిలీ ప్రింటర్ చప్పుడు విని పూజిత తెల్లబోయింది. వడగళ్లు రేకుల మీద పడుతున్నట్టుంది. సిరా లేదు, రంగు లేదు. తెల్ల కాగితం లోపలికి వెళ్లి, మశూచి పోసినట్టు బయటికి వస్తోంది. ముందు విండోస్ కాగితాలు, తర్వాత అదే ప్రింటర్‌ మీద లినక్స్ కాగితాలు. విండోస్ కట్ట మహెక్ ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. రెండో కట్ట బల్ల మీద ఉంటే ఫ్యాను గాలికి రెపరెపలాడింది. పూజిత చప్పున క్యారియర్ తెచ్చి దాని మీద పెట్టింది. ఇల్లాలిగా తన మొదటి ఉపకారం అది.

భోజనం వేళకి క్యారియర్ క్లిప్పు బిగుసుకుపోయి రాలేదు. పూజిత దాన్ని ఉన్నచోటే ఉంచి రెండు చేతులూ మోపి, మునివేళ్ల మీద లేచి, బరువంతా వేసి నొక్కింది. టక్కున ఊడింది. పులిహోరలో ఇంగువ ఎక్కువైందన్నాడు కన్నబాబు. ఎక్కువైతేనే మజా అంది మహెక్. ఓట్లు సమానమయ్యాయి గనక పూజిత తనకు తానే ఓటు వేసుకుంది.

చేతులు కడుక్కుని, తుడుచుకుని, మహెక్ లినక్స్ కట్ట అందుకుంది. మొదటి కాగితంలోనే వేలు ఆగింది. ఇంకొంచెం జరిగి మళ్లీ ఆగింది.

“భాయ్, చుక్కలు లేస్తలేవు ఇక్కడ. గిక్కడ సుత.”

“విండోస్ దాంట్లో?”

“దాంట్ల సాఫ్‌గ ఉన్నయ్.”

కన్నబాబు మొహం చిన్నబోయింది. తెరమీద రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి పోల్చాడు. ఒక్క తేడా లేదు. అయితే లినక్స్ నుంచి ప్రింటరుకు వెళ్లే దారిలోనే ఎక్కడో చుక్కలు రాలిపోతున్నాయన్నాడు. ప్రింటర్ అదే, కాగితం అదే, మారింది లినక్స్ ఒక్కటే కదా! నల్లతెర తెరిచి ఏవేవో ఆజ్ఞలు కొట్టసాగాడు. గడియారం మూడు దాటింది. మహెక్ గోడ వారనున్న కాగితాల కట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది, ఎవరో పట్టుకుపోతారన్నట్టు.

పూజితకు జాలి వేసింది. జాలికన్నా ఎక్కువగా, అసలు ఆ చుక్కలు ఎక్కడెక్కడ పోతున్నాయో చూడాలనిపించింది.

“మహెక్ గారూ, మీ వేలు ఎక్కడ ఆగితే అక్కడ నాకు చూపిస్తారా? గుర్తు పెడతాను.”

పెన్సిలు కోసం హ్యాండ్‌బ్యాగు వెతికింది. పెన్సిలు లేదు. పెళ్లికి అత్తవారు పెట్టిన స్టిక్కర్ బొట్టుబిళ్లల అట్ట ఉంది. మహెక్ వేలు ఆగినచోటల్లా ఒక మెరూన్ బిళ్ల అంటించింది.

“ఏటే అది, కాగితానికి పేరంటమా?” అన్నాడు కన్నబాబు వెనక్కి తిరక్కుండానే.

“మీరు మీ నల్లతెర చూసుకోండి.”

రెండో కాగితంలో బిళ్లలు తక్కువ పట్టాయి. మూడోదానిలో మరీ తక్కువ. ఆ తర్వాత అసలు అక్కరే లేకపోయింది. మహెక్ మళ్లీ మొదటి కాగితం తీసుకుని, ఈసారి చుక్కల్ని వదిలేసి బిళ్లల్ని తడిమింది. వేలు ఒక బిళ్ల నుంచి ఇంకో బిళ్లకు వెళ్లి, చుట్టూ తిరిగి, బయల్దేరినచోటికే వచ్చేసింది.

“ఏందీ భాభీ, గుండ్రంగ ఉన్నది?”

పూజిత చూసింది. చక్కటి మెరూన్ ఉంగరం. రెండో కాగితంలో అదే చోట సగం ఉంగరం. ఎక్కడో చూసిన కొలతలా ఉందే అనుకుంది. తల తిప్పేసరికి బల్ల మీద కడిగి బోర్లించిన క్యారియర్ అడుగు గిన్నె కనిపించింది. తెచ్చి కాగితం మీద పెట్టింది. బిళ్లలన్నీ దాని అంచు కిందికి బుద్ధిగా సరిపోయాయి.

“ఏవండీ,” అంది సన్నగా. “లినక్స్‌ని ఏమీ అనకండి. నేనే.”

కన్నబాబు వచ్చి చూశాడు. గిన్నెనూ, భార్యనూ, కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ మొగుడూపెళ్లాలకది వట్టి కాగితం, రెపరెపలాడితే బరువు పెట్టడం కళ్లున్నవాళ్ల అలవాటు. ఆ బరువు కింద అక్షరాలు నలిగిపోతాయని ఇద్దరికీ తట్టలేదు.

మహెక్ ముందు నవ్వింది. పడీపడీ నవ్వింది. “ఇంతసేపు లినక్స్‌ని తిట్టి పరేషాన్ అయితిమి! పులిహోర చేసిన పని!”

లినక్స్‌లో మళ్లీ వేసిన కొత్త కాగితాలు ప్రింటర్‌లోంచి వస్తుండగానే రామభద్రరావు గారు వచ్చారు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, నిలబడే గడియారం చూసుకుంటారు.

“ఏమైంది కన్నబాబూ? అయినట్టా కానట్టా?”

“ఇంకా చదవలే సార్,” అంది మహెక్. “చదివినంక చెప్త.”

ఆయన కుర్చీ లాక్కున్నారు. పూజిత గాజులు మోగకుండా రెండు చేతులూ ఒళ్లో నొక్కిపట్టుకుంది. ఆ వేళ్లు ఎంత తేలిగ్గా నడుస్తున్నాయో! కుడిచెయ్యి వాక్యం చదువుతుంటే, ఎడమచెయ్యి తర్వాతి వరస మొదలు వెతికిపెడుతోంది. చివరి కాగితం దాకా వేలు ఎక్కడా ఆగలేదు. ఆగలేదుగాని, కట్ట మూయబోయి మహెక్ మళ్లీ తెరిచింది. కుడివైపు పై మూల తడిమింది. తర్వాత కింద ఎడమ మూల.

“పేజీ నంబరు కింద వడ్డది సార్. పిల్లలు పై మూలకు వెతుకుతరు. పన్నెండో పేజీ తియ్యండంటే క్లాసంతా పైననే తడుముకుంట కూసుంటరు.”

“అయితే కాలేదన్నమాట,” అన్నారాయన లేవబోతూ.

మహెక్ గబగబా విండోస్ కట్ట అందుకుంది. “ఒక్క నిమిషం సార్.” మొహం విప్పారింది. “దీంట్ల సుత కిందనే! పొద్దుగాల చుక్కల ధ్యాసల వడి చూడలే.”

కన్నబాబు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. “రెండింట్లోనూ ఒకటే తప్పు సార్! తేడా లేదు! నెగ్గింది!”

“తప్పు వస్తే నెగ్గడమేమిటయ్యా?”

“తప్పులో కూడా రెండూ ఒకేలా నడిచాయి సార్. ఇది సాఫ్ట్‌వేర్‌లో మార్చుకునేదే. ఎవరినీ అడగక్కర్లేదు, ఇక్కడే విప్పి మారుస్తాను.”

రామభద్రరావు గారు అతన్ని వదిలేసి మహెక్ వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా. ఈ పుస్తకం నీ పిల్లల చేతికివ్వొచ్చా?”

“నంబరు పైకి రానియ్యుర్రి సార్. అప్పుడు ఇస్త.”

కన్నబాబు ప్రోగ్రాములో ఏదో ఒక వరస మార్చాడు. వడగళ్లు మళ్లీ మొదలయ్యాయి. కాగితం పూర్తిగా బయటికి రాకముందే మహెక్ దాని కుడి పై మూల పట్టుకుంది. వేలి కొన అక్కడ నిలిచింది. ఆమె పెదవులు కదలడం ఒక్క పూజితే చూసింది.

“ఒకటి,” అంది మహెక్ పైకి. “షురూ చెయ్ భాయ్. అందరికీ.”