మామగారి పీత

డొప్ప విప్పడం, మొప్పలు పీకడం, ఒంటిని రెండుగా విరవడం, అరల్లోంచి తెల్లటి కండను తునగకుండా లాగడం. ఆమె చేతులు ఈ పని చేస్తున్నంతసేపూ ఆమె వాటివైపు చూడదు. చూపు ఎదురుగా ఉన్న తడిగోడ మీద ఉంటుంది, లేదంటే ఎక్కడా ఉండదు. ఉడికిన పీతలు బల్ల నిండా ఎర్రగా పడి ఉన్నాయి. కుప్ప కాస్త తరిగినట్టు కనిపించగానే ఎవరో వచ్చి ఇంకో గంప ఒంపి పోతారు. నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ చివరలు పాలిపోయి, ముడతలు పడి, ఆమెకంటే ముందే ముసలివైపోయాయి.

పీతల కండను డబ్బాల్లో నింపే ఆ షెడ్డులో అందరూ ఆమెను మిషనక్క అంటారు. ఒకప్పుడు మెచ్చుకుంటూ పెట్టిన పేరు. ఇప్పుడు ఉత్త పేరు.

"ఏంటి మిషనక్కా, ఇవాళ గంట ముందే వెళ్తానని అడిగావట?" అంది పక్క పీట మీది ఆవిడ. ఆవిడ గుసగుసలాడినా గేటు దాకా వినిపిస్తుంది కాబట్టి ఆవిడ పేరు మైకు.

"మామయ్యగారు పీత తినాలని ఉందన్నారు."

"ఏమన్నా తింటున్నాడా ఆయన?"

"ఎక్కడ? గంజి పోస్తే గొంతు దిగట్లేదు. నిన్న ఉన్నట్టుండి పీత తెమ్మన్నారు."

"పొద్దస్తమానం పీతలు ఒలిచి, చేతిలో మళ్ళీ పీతతో ఇంటికెళ్తావా! నాకైతే కల్లో కనిపించినా కడుపులో తిప్పుతుంది. రొయ్యలు తెచ్చిపెట్టు, తోకలతో సహా నమిలేస్తా."

"నమిలేసి, మీ ఆయనకి మీసాలు మిగులుస్తావు" అంది ఎదురు బల్ల ఆవిడ.

"ఆయనకున్నాయిగా, మళ్ళీ రొయ్య మీసాలెందుకు?"

బల్లలన్నీ నవ్వాయి. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే క్లినిక్కులో డాక్టరు అన్న మాట గుర్తు చేసుకుంది. "ఏది ఇష్టమైతే అది పెట్టండమ్మా." అంతకు ముందు ఉప్పు వద్దు, నూనె వద్దు, అది వద్దు, ఇది వద్దు అని కసిరిన మనిషే. డాక్టరు ఆంక్షలన్నీ ఎత్తేసేసరికి ఇంక ఎన్నో రోజులు లేవని ఆమెకు అర్థమైపోయింది. మామగారు ఒక్కసారి, ఒక్క పీత, తనకు నచ్చినట్టు తినాలి. నిన్నటి నుంచీ ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే.

షెడ్డులోని సరుకు గేటు దాటకూడదు. అందుకని బయట రోడ్డు పక్కన గంప పెట్టుకున్న ఆవిడ దగ్గర బతికున్న పీతల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పైకి బొద్దుగా ఉండి లోపల నీళ్ళున్నవాటిని పక్కన పడేసింది. కడుపు నొక్కితే గట్టిగా తగిలి, చేతికి బరువుగా అనిపించినదాన్ని తీసుకుంది. దారాలతో కట్టేసినా అది సంచిలోంచి ఆమె మోకాలిని పొడుస్తూనే ఉంది. "ఉండవే, వచ్చేశాం" అంది ఆమె దానితో. ఎండ వాలిపోతోంది. కాళ్ళు సీసం పోసినట్టున్నాయి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అంత అలసటలోనూ అది ఆమెకు పండగలా అనిపించింది.

సైకిల్ షాపు మీద వాళ్ళవి రెండు గదులు. ఒకప్పుడు ఆ గదుల్లో నలుగురుండేవాళ్ళు. అత్తగారికి చేప తలకాయ ఇష్టం. భర్తకు రొయ్యలు, అవీ మాడీమాడనట్టు వేయించినవి. మామగారికి పీత. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో ఎవరికి వాళ్ళకు కావలసింది వండి వడ్డించి, చివర్న గిన్నెలో మిగిలింది తినేది. ఒకరోజు మామగారు తింటూ తింటూ చెయ్యి ఆపారు.

"అందరి ఇష్టాలూ తెలిశాయి గానీ, నీకేం ఇష్టమో చెప్పలేదే అమ్మాయ్?"

ఆమె సిగ్గుపడింది. అడిగినందుకు కాదు, చెప్పబోయేది మరీ చవక చేప అయినందుకు. "నెత్తళ్ళు మావయ్యా. ముల్లుతో సహా కరకరలాడేట్టు వేయిస్తే..."

మర్నాడు ఆయన కాగితం పొట్లంలో నెత్తళ్ళు తెచ్చారు. సినిమా హాలు తలుపు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం ఆయనది. చింపిన టికెట్ల రంగు వేళ్ళకు అంటుకుని ఉండేది. ఆ వేళ్ళతోనే పొట్లం విప్పి, "ఇవి నీవి. ఎవరికీ వడ్డించకు" అన్నారు.

తర్వాత అత్తగారు పోయారు. ఇంకొన్నేళ్ళకు జ్వరం వచ్చి భర్త పోయాడు. కోడలూ మామగారూ మిగిలారు. ఆమె పీతల షెడ్డులో చేరింది. ఒంటికి పట్టిన ఆ వాసనకి ఇంట్లో పీత వండితే ఆమెకు అన్నం సయించేది కాదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ నోటితో చెప్పలేదు. ఆయనే పీత వండుకున్న రోజున ప్లేటు పట్టుకుని బయట మెట్ల మీద కూర్చునేవారు. "లోపల ఉక్కగా ఉందమ్మా" అనేవారు, చలికాలంలో కూడా.

ఇప్పుడు ఆయన మెట్ల దాకా రాలేరు. కిటికీ పక్క మంచం మీద తలగడలకు ఆనుకుని, ముక్కు ఎగబీల్చి, "తెచ్చావు" అన్నారు.

"తెచ్చాను. కడుపు గట్టిగా ఉంది."

"ఉప్పునీళ్ళే కదా?"

"తెలుసు లెండి. మసాలా పడితే పీత అలుగుతుంది."

కళ్ళతో నవ్వారు ఆయన. ఆమె పీత ఉడికించి, మంచం పక్క స్టూలు మీద ప్లేటు పెట్టింది. అలమారలోంచి ఇత్తడి తూకపు రాయి తీసి దాని పక్కన ఉంచింది. పీత డెక్కలు, ఆ గట్టి కొండి కాళ్ళు, పగలగొట్టుకోవడానికి ఆయన వాడేది అదే. ఆవిరి పోయేదాకా ఆగుదామని మంచం చివర కూర్చుంది. కూర్చోగానే నడుము పట్టు వదిలి, ఒళ్ళంతా బరువైంది. డొప్ప ఒక్కటీ తీసి ఇద్దామని చెయ్యి వేసింది. మైకు మాటలూ, రొయ్య మీసాల సంగతీ చెప్పింది. బస్సులో కిటికీ సీటు సంగతి చెప్పింది. ఆయన వింటున్నారు. ఎందుకో ఆయన పెదవులు వణుకుతున్నాయి.

"ఏంటి మావయ్యా?"

"నీ చేతులు చూసుకో."

చూసుకుంది. ప్లేటులో ఒక పక్క ఖాళీ డొప్పలు దొంతరగా ఉన్నాయి. ఇంకో పక్క తెల్లటి కండ, ఒక్క పెంకు ముక్క లేకుండా, డబ్బాలో సర్దడానికి సిద్ధంగా ఉంది. ఒక్క పెద్ద డెక్క మాత్రం మిగిలింది.

ఆయన నవ్వారు. గుండెల్లోంచి దగ్గుతో కలిసి వచ్చిన నవ్వు. "డబ్బాకి చీటీ అంటించడం మర్చిపోయావు."

ఆమెకు నవ్వు రాలేదు. పీతంటే పగలగొట్టాలి, జుర్రాలి, మోచేతుల దాకా కారాలి ఆయనకు. ఒలిచి పెట్టిన పీతంటే ఎవరో చూసొచ్చి చెప్పిన సినిమా లాంటిదని ఎన్నిసార్లు అన్నారో. "ఇప్పుడే వెళ్ళి ఇంకోటి తెస్తాను" అని లేవబోయింది.

"కూర్చో. కాళ్ళు చూడు, ఎలా వాచాయో." ఆయన చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టులో బరువే లేదు. "ఊళ్ళోవాళ్ళందరికీ ఒలిచి పెడతావు. నువ్వెప్పుడైనా తిన్నావా? ఒక్క ముక్క నోట్లో వేసుకో."

వేసుకుంది. వాసన తెలియకుండా ఊపిరి బిగబట్టింది. నాలుక మీద మెత్తగా, తియ్యగా విడిపోయింది.

"ఎలా ఉంది?"

"బాగుంది మావయ్యా."

"అబద్ధం."

"నిజంగానే. నెత్తళ్ళంత కాదనుకోండి."

"అదీ మాట." ఆయన నోరు తెరిచారు. ఆమె చిన్న ముక్క పెట్టింది. చాలాసేపు నమిలి మింగారు. ఇంకొకటి అడిగారు. అదీ దిగింది. "సినిమా కథ బాగానే చెప్పావు" అన్నారు.

మూడోది పెట్టబోతే తల అడ్డంగా ఊపారు. మిగిలిన డెక్కను వేలితో చూపించారు. "అది మాత్రం ముట్టుకోకు. కాస్త కునుకు తీసి, నేనే పగలగొట్టుకుంటా. నువ్వెళ్ళి స్నానం చెయ్యి, పీతల కంపు."

"అన్నారా ఇన్నాళ్ళకి!"

"ఉక్కగా ఉందన్నాలే" అని కళ్ళు మూసుకున్నారు.

ఆమె స్నానం చేసింది. నిమ్మచెక్కతో గోళ్ళ సందులు రుద్దుకుంది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి కింద షాపులో ఎవరో సైకిల్ బెల్లు బాగుచేసి మోగించి చూస్తున్నారు. కిటికీలోంచి వచ్చిన సంధ్య వెలుగు ఆయన ముఖం మీద ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"మావయ్యా" అంది.

మళ్ళీ పిలవలేదు. తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మంచం చివర కూర్చుంది. కింద బెల్లు ఇంకోసారి మోగి ఆగిపోయింది. చేతులు వాటంతటవే ప్లేటు వైపు వెళ్ళాయి. వాటిని మధ్యలోనే ఆపి, ఒకదానిలో ఒకటి గట్టిగా పట్టుకుంది.

స్టూలు మీద, ఇత్తడి తూకపు రాయి పక్కన, పగలని డెక్క ఇంకా కాస్త వెచ్చగానే ఉంది.